ఎవరి తాళంచెవి వాళ్లకివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పల్నాడు వైపు ఒక ఊళ్లో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. దాంతోపాటు ఐదేళ్లుగా ఒక స్టేట్ యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పేరు వేయొద్దని మనవి, యూనివర్సిటీ పేరు నేనే రాయడం లేదు, ఇంకా థీసిస్ ఇవ్వాల్సినదాన్ని కదా. మీ పేపర్లో రోజూ సైబర్ మోసాల మీద ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు అని. మంచిదే. కానీ చదువుకున్న వాళ్లం, పైగా పిల్లలకి చదువు చెప్పే వాళ్లం, మా పాస్‌వర్డ్‌లు మేమే వాట్సాప్‌లో పంచుకుని తిరిగే పరిస్థితి యూనివర్సిటీలో ఎందుకొచ్చిందో మాత్రం నాకెక్కడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, కావలసినంత కత్తిరించుకోండి.

పోయిన నెల ఒకే ఒక్క రీసెర్చ్ పేపరు డౌన్‌లోడ్ చేసుకోవడానికి యూనివర్సిటీకి వెళ్లొచ్చాను. బస్సులో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, కాలేజీలో ఒక సెలవు, మా అత్తగారి దగ్గర ఒక మాట. లైబ్రరీలో కూర్చుని ఆ పేపరు తెరవడానికి పట్టింది రెండు నిమిషాలు. ఇంట్లో అదే లింకు నొక్కితే నలభై డాలర్లు కట్టమంటుంది, అక్కడ నొక్కితే గబుక్కున తెరుచుకుంటుంది. ఇందులో మాయేమీ లేదు. జర్నల్ వాళ్లకి మనం ఎవరో తెలియదు, మన కంప్యూటర్ ఏ ఐపీ అడ్రస్ నుంచి అడుగుతోందో అదే తెలుసు, ఆ అడ్రస్ యూనివర్సిటీదైతే లోపలికి రానిస్తారు, లేకపోతే బిల్లు చూపిస్తారు. అంటే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ నంబరుకీ, నేను కట్టే ఫీజుకీ అక్కడ విలువ లేదు, నేను ఆ కాంపౌండ్ గోడ లోపల కూర్చున్నానా లేదా అన్నదే లెక్క.

2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని దేశమంతటికీ కలిపి జర్నళ్లకి చందా కట్టే పథకాన్ని ఒప్పుకుంది, 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు, ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు కలిపి 6,300 పైచిలుకు. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా సంతోషించాను, మా స్టాఫ్ రూమ్‌లో స్వీటు కూడా పంచాను. అంత డబ్బు పోసి తెచ్చిన జర్నల్ కోసం నేను ఇప్పటికీ ఆరింటి బస్సు పట్టుకుంటున్నాను. తప్పు ఢిల్లీది కాదు. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూనివర్సిటీ లైబ్రరీల నెట్‌వర్క్ కేంద్రం వాళ్లు ఇన్‌ఫెడ్ అని ఒక ఏర్పాటు ఎప్పుడో పెట్టారు, అందులో యూనివర్సిటీ చేరితే మనం ఇంట్లోంచే జర్నల్ సైటుకి వెళ్లి మన యూనివర్సిటీ పేరు ఎంచుకుంటాం, అది మనల్ని మన యూనివర్సిటీ లాగిన్ పేజీకే పంపుతుంది, ‘ఈవిడ మా మనిషే’ అని యూనివర్సిటీ చెప్తే చాలు, మన పాస్‌వర్డ్ జర్నల్ వాళ్ల చేతికి వెళ్లనే వెళ్లదు. కాకపోతే యూనివర్సిటీ తన వైపు స్కాలర్ల పేర్లు ఎక్కించాలి, వెళ్లిపోయిన వాళ్ల పేర్లు తీసెయ్యాలి, ఎవరైనా పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. మా దగ్గర ఆగింది అక్కడే. అడిగితే లైబ్రరీ వాళ్లు కంప్యూటర్ సెంటర్ వైపు, కంప్యూటర్ సెంటర్ వాళ్లు లైబ్రరీ వైపు చూపిస్తారు.

సరే, పేపర్ల సంగతి వదిలేయండి, అది తిరిగో, తెలిసిన వాళ్లని బతిమాలో ఎలాగో గడిచిపోతుంది. నా అసలు గోడు సర్వర్‌తో.

నా పని టెస్ట్‌ట్యూబులతో కాదు, కంప్యూటర్‌తో. ఒక అణువు ఏ ఆకారంలో కుదురుగా ఉంటుందో, ఎక్కడ కదిలితే ఎంత శక్తి పడుతుందో లెక్క కట్టిస్తాను. ఒక్కో లెక్క రెండు రోజులు, ఒక్కోసారి వారం నడుస్తుంది. దాన్ని మేం జాబ్ పెట్టడం అంటాం. డిపార్ట్‌మెంట్‌లో ఒక లినక్స్ సర్వర్ ఉంది, ఏదో ప్రాజెక్టు డబ్బుతో కొన్నది, మంచి మెషీనే. అది క్యాంపస్ నెట్‌వర్క్ లోపలి నుంచి తప్ప బయటికి కనపడదు. అలా ఉండటం తప్పు కాదు, అలాగే ఉండాలి కూడా, ఎందుకంటే ఒక సర్వర్‌ని ఉన్నదున్నట్టుగా ఇంటర్నెట్‌లో పెడితే ఆ రోజు నుంచే ఎక్కడెక్కడి మెషీన్లో వచ్చి రూట్ అనీ, అడ్మిన్ అనీ, టెస్ట్ అనీ పేర్లు పెట్టి పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తూనే ఉంటాయి, మనిషి కూడా అక్కర్లేదు, ప్రోగ్రామ్‌లే ఆ పని చేస్తాయి. కానీ తలుపు మూసినప్పుడు, లోపలికి రావాల్సిన వాళ్లు ఎలా రావాలో కూడా ఆలోచించాలి కదా. ఆ రెండో సగం ఎవరూ ఆలోచించలేదు.

దాంతో మేమే ఆలోచించాం. ల్యాబ్‌లో కిటికీ పక్కన ఒక విండోస్ కంప్యూటర్ ఉండేది, దాన్ని ఎప్పుడూ ఆపకుండా ఉంచి, బయటి నుంచి దాని స్క్రీన్ కనపడేలా ఒకరు ఏర్పాటు చేశారు. ఆ కంప్యూటర్‌లోకి వెళ్తే అక్కడి నుంచి సర్వర్‌లోకి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ కెమ్ అని, పక్కన 123. నవ్వకండి, మీ ఆఫీసులో ఏముందో కనుక్కోండి. అది ఏడుగురికి తెలుసు, ఆ ఏడుగురిలో ఇద్దరు పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయారు, పాస్‌వర్డ్ మాత్రం మారలేదు. మానిటర్ కింద స్టిక్కర్ మీద రాసి కూడా ఉండేది. నేనూ వాడాను, రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని జాబ్‌లు పెట్టుకునేదాన్ని, ఆ ఏడాదిన్నరలో చేసినంత పని అంతకు ముందు మూడేళ్లలో చెయ్యలేదు. తప్పని తెలుసు. గైడ్ గారికీ తెలుసు. ఆయన ఒకసారి ‘నాకు చెప్పకండమ్మా, నేను విననట్టే’ అన్నారు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. ఒక సోమవారం పొద్దున జూనియర్ అమ్మాయి ఫోన్ చేసింది, అక్కా ఫైళ్లేవీ తెరుచుకోవట్లేదు, అన్నిటి పేర్ల చివరా ఏవో పిచ్చి అక్షరాలు వచ్చాయి అని. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక నోట్, డబ్బు పంపితే తాళం ఇస్తాం అని. ఎవరు ఎలా వచ్చారో ఎవరూ పూర్తిగా తేల్చలేదు, కానీ స్క్రీన్ చూపించే ఆ దారి నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంది, పాస్‌వర్డ్ సంగతి చెప్పానుగా. సర్వర్ బతికింది, ఆ విండోస్ కంప్యూటర్ మీద ఉన్న డేటా పోయింది. నాకు పోయింది తక్కువ, నేను పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకునే భయస్తురాలిని. ఆ అమ్మాయికి పది నెలల స్పెక్ట్రాలు, అంటే ప్రయోగాల్లో తీసిన కొలతల గ్రాఫులు, పోయాయి. ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించి ఇచ్చాను.

ఇక అప్పుడు కదిలారు, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. సర్క్యులర్ వచ్చింది. క్యాంపస్ బయటి నుంచి ఏ కంప్యూటర్‌కీ ఎవరూ కనెక్ట్ కాకూడదు, అయితే క్రమశిక్షణ చర్య. అంతే, రెండు పేరాలు, కింద సంతకం. అయితే మరి ఎలా రావాలి అన్నదానికి ఒక్క వాక్యం లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఇప్పుడు మాకున్న దారి బస్సు. హాస్టల్లో ఉండే ఫుల్‌టైం వాళ్లకి ఇబ్బంది లేదు, దెబ్బంతా మాలాంటి వాళ్లకే, ఉద్యోగాలు చేసుకుంటూ చదివే టీచర్లకి, పెళ్లయి వేరే ఊరు వెళ్లిన అమ్మాయిలకి, నిండు నెలలతో ఉన్నవాళ్లకి.

పైగా ఆ సర్క్యులర్ వల్ల భద్రత పెరిగిందా అంటే అదీ లేదు. ఇప్పటికే ఒక కుర్రాడు, ఎవరో చెప్పను, ల్యాబ్ కంప్యూటర్‌కి తన సొంత సిమ్ డాంగిల్ తగిలించి, లోపలి నుంచి బయటికి ఒక దారి వేసుకున్నాడు, అది యూనివర్సిటీ ఫైర్‌వాల్‌కి కూడా తెలియదు. ఆ పని చేసినందుకు వాడి తెలివికి మార్కులెయ్యాలో, వీపు మీద వెయ్యాలో నాకు అర్థం కాలేదు. మొదటిసారి దొడ్డిదారి కనీసం అందరికీ తెలిసినది. ఇప్పుడున్నది ఎవరికీ తెలియనిది. పని ఆగదు సార్, తలుపు మూస్తే కిటికీ వెతుక్కుంటారు, ఎందుకంటే గైడ్ గారు ప్రోగ్రెస్ రిపోర్టు అడుగుతారు, రిపోర్టులో ‘బస్సు దొరకలేదు’ అని రాయలేం.

తమాషా ఏంటంటే ఈ సమస్యకి మందు పుట్టిందే ఒక యూనివర్సిటీలో. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో ఒక దొంగ ప్రోగ్రామ్ పెట్టి, దారిన పోయే పాస్‌వర్డ్‌లన్నీ పట్టేశారు, వేలల్లో. అప్పట్లో దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లడానికి టెల్‌నెట్ వాడేవాళ్లు, అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్లేది, మధ్యలో ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడ రీసెర్చర్‌గా ఉన్న టాటూ యులోనెన్ ఆ దెబ్బకి కూర్చుని, పాస్‌వర్డ్ మధ్యలో ఎవరూ చదవలేకుండా పంపే ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు, అదే ఏడాది ఊరికే అందరికీ ఇచ్చేశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి పోర్టు, అంటే కంప్యూటర్‌లో తలుపు నంబరు లాంటిది, 21, టెల్‌నెట్‌కి 23, మధ్యలో ఖాళీగా ఉన్న 22 దీనికి దక్కింది. వాళ్ల పాస్‌వర్డ్‌లు పోతే వాళ్లు ప్రపంచమంతా వాడే తాళం చేసిపెట్టారు, మా డేటా పోతే మా వాళ్లు సర్క్యులర్ ఇచ్చారు. ఎస్‌ఎస్‌హెచ్ ఇవాళ కొనక్కర్లేదు, వెతకక్కర్లేదు, 2018 నుంచి విండోస్ 10లో కూడా అదే వస్తోంది, కమాండ్ విండో తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని కొడితే చాలు. దీనికోసం గూగుల్‌లో వెతికి మొదట కనపడ్డ ప్రకటన నొక్కి ఏదో ఒకటి దించుకునే పని మా వాళ్లు ఇంకా మానలేదు. అలా దించుకున్నదాంట్లో ఏముందో ఎవరికి తెలుసు?

ఎస్‌ఎస్‌హెచ్‌లో నాకు బాగా నచ్చింది జంట తాళాల పద్ధతి. ఒక్క కమాండ్ కొడితే రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి తాళం లాంటిది, ఒకటి చెవి లాంటిది. తాళం తీసుకెళ్లి సర్వర్‌కి తగిలిస్తారు, అది ఎవరు చూసినా నష్టం లేదు, చెవి నా ల్యాప్‌టాప్ దాటి బయటికి రాదు, దానికీ మళ్లీ ఒక మాట పెట్టుకోవచ్చు, ల్యాప్‌టాప్ ఎవరైనా కొట్టేసినా వాడలేకుండా. అప్పుడు సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో రావడం అనేదాన్నే పూర్తిగా ఆపేయొచ్చు, కెమ్ 123 గొడవే ఉండదు. ఏడుగురుంటే ఏడు తాళాలు, ఒకరు చదువు అయిపోయి వెళ్తే వాళ్ల ఒక్క తాళం పీకేస్తే చాలు, మిగతా ఆరుగురిని కదిలించక్కర్లేదు. ఎవరు ఎప్పుడు వచ్చారో పేరుతో సహా రాసుంటుంది. ఉమ్మడి పాస్‌వర్డ్‌తో ఏదైనా జరిగితే ఏడుగురం ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి. చూసుకున్నాం కూడా, ఆ సోమవారం.

ఇంకోటి చెప్పాలి. మొదటిసారి సర్వర్‌కి కనెక్ట్ అయినప్పుడు అది ఒక పొడుగాటి గుర్తు చూపించి, ఇది మీరనుకున్న మెషీనేనా, అవునా కాదా అని అడుగుతుంది. ఆ గుర్తు ఇదీ అని నోటీసు బోర్డు మీదో, సైటులోనో పెడితే పోల్చి చూసుకుని అవును అంటాం. ఎవరూ పెట్టరు, అందరం కళ్లు మూసుకుని యస్ కొడతాం. ఒక రోజు మా సర్వర్ గుర్తు మారిపోయిందని పెద్ద హెచ్చరిక వచ్చింది, మధ్యలో ఎవరైనా దూరి ఉండొచ్చు జాగ్రత్త అని. నేను భయపడి సీనియర్‌ని అడిగితే ‘ఏం లేదు మేడమ్, మొన్న సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, ఆ లైను డిలీట్ చేసెయ్యండి’ అన్నాడు. నిజంగా అదే కారణం. కానీ ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే పోయేది. చెప్పకుండా మార్చి మార్చి, హెచ్చరిక వస్తే పట్టించుకోవద్దని మాకు వీళ్లే నేర్పించారు, రేపు నిజంగా దొంగ వచ్చినా అలాగే లైను డిలీట్ చేసి లోపలికెళ్తాం.

ఇక వీపీఎన్. ఈ మాట ఎత్తితే మా దగ్గర కొందరు పెద్దలకి అదేదో బ్లాక్ చేసిన సైట్లు చూడటానికి కుర్రాళ్లు వాడే యాప్ అని అనుమానం. పేరొకటే కానీ రెండిటి పనీ వేరు. ఫోన్లో ఊరికే వచ్చే వీపీఎన్ యాప్ మన ట్రాఫిక్ అంతా ముక్కూ మొహం తెలియని వాళ్ల సర్వర్ మీదుగా తిప్పుతుంది, దాంతో యూనివర్సిటీలోకి రావడం కుదరదు, పైగా మన గుట్టు వాళ్ల చేతికిచ్చినట్టు. యూనివర్సిటీ వీపీఎన్ అంటే యూనివర్సిటీ తనే పెట్టుకున్న గేటు. నా ల్యాప్‌టాప్ నుంచి ఆ గేటు దాకా ఒక సొరంగం, మధ్యలో ఎవరికీ ఏమీ కనపడదు, గేటు దాటాక నేను క్యాంపస్‌లో కూర్చున్నట్టే లెక్క, జర్నళ్లూ తెరుచుకుంటాయి, సర్వరూ కనపడుతుంది. యూట్యూబు, బ్యాంకు లాంటివి సొరంగంలోకి రాకుండా మామూలు దారినే పోయేలా పెట్టొచ్చు, యూనివర్సిటీ నెట్ మీద భారం పడదు. కంప్యూటర్ సెంటర్‌లో ఒకాయన నాతో ‘వీపీఎన్ పెడితే అయిదేళ్ల లాగ్‌లు, అంటే వాడకం రికార్డులు, దాచాలి మేడమ్, సెంట్రల్ గవర్నమెంట్ రూలు’ అన్నారు. ఆయన చెప్పింది 2022 ఏప్రిల్ 28న కేంద్రం సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం గురించి. అందులో వీపీఎన్‌ల మీద పెట్టిన అయిదేళ్ల నిబంధన జనానికి వీపీఎన్ సేవ అమ్మే కంపెనీల కోసం, సంస్థలు తమ వాళ్ల కోసం లోపల పెట్టుకునే వీపీఎన్‌కి ఆ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ వాళ్లే ప్రశ్నలు జవాబుల రూపంలో తర్వాత చెప్పారు. అదే ఆదేశంలో సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని కూడా ఉంది. మా ల్యాబ్ సంగతి ఎవరైనా తెలియజేశారా అని నేనడిగాను. నన్ను కూర్చోమని మంచినీళ్లిచ్చారు.

వీపీఎన్ వస్తే అన్నీ తీరిపోతాయని కూడా నేననడం లేదు. నా ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉంటే అదే సొరంగం గుండా వైరస్ కూడా దర్జాగా క్యాంపస్‌లోకి వస్తుంది. అందుకే గేటు దాటిన వాళ్లకి మొత్తం క్యాంపస్ తెరిచి పెట్టకూడదు, నాకు కావలసింది లైబ్రరీ, మా సర్వర్, ఆ రెండే ఇవ్వండి, పరీక్షల విభాగం కంప్యూటర్లు నాకెందుకు కనపడాలి?

అలాగే లాగిన్ దొంగతనాలు యూనివర్సిటీల దగ్గర ఏ స్థాయిలో జరుగుతాయో మా వాళ్లకి తెలియదనుకుంటాను. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరాన్ వాళ్ల మీద కేసు పెట్టింది, వాళ్లు 2013 నుంచి అమెరికాలో 144 యూనివర్సిటీలు, ఇతర దేశాల్లో ఇంకో 176 యూనివర్సిటీల మీద పడ్డారని, లక్ష మంది ప్రొఫెసర్ల ఖాతాలకి గురిపెడితే దాదాపు ఎనిమిది వేలు చేతికి చిక్కాయని ఆరోపణ. చేసిన పద్ధతి చూడండి, వేరే ప్రొఫెసర్ రాసినట్టు ఒక మెయిలు, మీ పేపరు చదివాను, బాగుంది, ఇంకొన్ని చదవాలనుంది అని. లింకు నొక్కితే అచ్చు మన యూనివర్సిటీ లాగిన్ పేజీ లాంటిదే వస్తుంది, మనమే పాస్‌వర్డ్ టైపు చేసి వాళ్ల చేతిలో పెడతాం. మన పేపరు ఎవరైనా చదివారంటేనే పండగ, లింకు నొక్కకుండా ఎవరుంటారు, నేనైతే నొక్కేస్తాను. 2020 మే నెలలో యూరప్‌లో సూపర్ కంప్యూటర్లు, ఎడిన్‌బరోలో ఆర్చర్‌తో సహా జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో కొన్ని, ఉన్నట్టుండి ఆపేయాల్సి వచ్చింది, అది కూడా లాక్‌డౌన్ రోజుల్లో, అందరూ ఇళ్ల నుంచే పని చేస్తున్నప్పుడు. ఎస్‌ఎస్‌హెచ్ గోడ బద్దలవ్వలేదు, వాడే వాళ్ల లాగిన్‌లు వేరే చోట పోయాయి, వాటితో మామూలుగా తలుపు తీసుకునే లోపలికొచ్చారు. కాబట్టి తాళం ఎంత గట్టిదైనా సరిపోదు, రెండో అడుగు కూడా ఉండాలి.

రెండో అడుగు అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్లో వచ్చే కోడ్. మా అన్నయ్య కొడుకు అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు, డిసెంబరు సెలవులకి తెనాలి వచ్చాడు. అక్కడ వాళ్లకి ఇవన్నీ ఉన్నాయి, వీపీఎన్, దానిమీద ఫోన్లో అప్రూవ్ నొక్కడం, మేనత్తనైన నేను లేవని ఏడుస్తున్నవన్నీ వాడు సుఖంగా వాడుకుంటున్నాడు. తీరా వాడి అమెరికా సిమ్ ఇక్కడ పని చెయ్యలేదు, కోడ్ ఎస్ఎంఎస్‌లో వచ్చేలా పెట్టుకున్నాడు, అసైన్‌మెంట్ రాత్రికి పంపాలి. ‘అత్తా, ఇక్కడికొస్తే నేను కూడా నీలాగే అయిపోయాను’ అన్నాడు. అర్ధరాత్రి అక్కడి హెల్ప్‌డెస్క్‌కి వీడియో కాల్ చేసి, ఐడీ కార్డు చూపించి, ఎలాగో బయటపడ్డాడు. విదేశాల్లో చదివే పిల్లలున్న వాళ్లకి ఒక మాట, ఇండియా బయల్దేరే ముందే కోడ్‌లు యాప్‌లో వచ్చేలా మార్చుకోమనండి. యాప్ కోడ్‌కి సిగ్నల్ అక్కర్లేదు, ఫోన్లో గడియారం సరిగ్గా ఉంటే చాలు, ముప్పై సెకన్లకొకసారి అదే మారుతుంది. ఇంకా అత్యవసరానికి ఇచ్చే కోడ్‌లు కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టులో పెట్టుకోమనండి. మనం అడక్కుండా అప్రూవ్ చెయ్యమని ఫోన్ మోగితే మాత్రం నొక్కకూడదు, విసుగు పుట్టేదాకా పంపుతూనే ఉంటారు, 2022లో ఉబర్‌లోకి దూరింది అలాగే.

నాకు ఈ కథలో ఆసక్తిగా అనిపించింది టెక్నాలజీ కాదు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తి, ముందు నువ్వెవరో చూపించు అని, తర్వాత పని చేసిపెట్టిన ఆ మనిషి. మా కంప్యూటర్ సెంటర్‌లో ఇద్దరున్నారు, ఇద్దరూ అవుట్‌సోర్సింగే, అడ్మిషన్లు వాళ్లే, ఫలితాలు వాళ్లే, వీసీ గారి ప్రింటర్ ఆగినా వాళ్లే. వాళ్లని నేను తప్పుపట్టను. వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు, ఓపెన్‌వీపీఎన్ అని ఒకటి ఉంది, వైర్‌గార్డ్ అని ఇంకోటి 2020 నుంచి లినక్స్‌లోనే కలిసి వస్తోంది, ఒక మామూలు మెషీన్ చాలు. కానీ దాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి, అది మాత్రం ఏ బడ్జెట్లోనూ కనపడదు. బయోమెట్రిక్ హాజరుకి ఎప్పుడు కావాలన్నా టెండరు వస్తుంది.

నాలాగే దూరం నుంచి సర్వర్ వాడే అదృష్టం ఎక్కడైనా ఉన్నవాళ్లకి ఒక చిన్న చిట్కా కూడా చెప్పేస్తాను, నేను ఏడ్చి నేర్చుకున్నది. మన ఊళ్లలో కరెంటు పోతే వైఫై పోతుంది, కనెక్షన్ తెగితే అప్పటిదాకా నడిచిన జాబ్ కూడా చచ్చిపోతుంది. ముందు టీమక్స్ లేదా స్క్రీన్ అని కొట్టి, దాని లోపల జాబ్ పెట్టండి, కనెక్షన్ తెగినా అది సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది, కరెంటొచ్చాక మళ్లీ వెళ్లి కలుసుకోవచ్చు. ఇది తెలియక నాకు నాలుగు రోజుల లెక్క పోయింది, మా ఆయన ఇన్వర్టర్ కొన్నది ఆ వారమే.

నేనడిగేది పెద్దదేం కాదు. స్కాలర్‌గా రిజిస్టర్ అయిన రోజే ఐడీ కార్డుతో పాటు ఒకరి పేరు మీద ఒక వీపీఎన్ లాగిన్ ఇవ్వండి, కోడ్ యాప్‌తో కలిపి. థీసిస్ ఇచ్చి వెళ్లిపోయిన రోజు నో డ్యూస్ ఫారంలో లైబ్రరీ సంతకం, హాస్టల్ సంతకం పక్కన దీన్నీ మూసేశామని ఒక సంతకం పెట్టించండి. ఇన్‌ఫెడ్‌లో మా పేర్లు ఎక్కించండి. శని ఆదివారాలు ఎత్తే ఒక ఫోన్ నంబరు పెట్టండి, పార్ట్‌టైం వాళ్లం పని చేసేది ఆ రెండు రోజులే. మార్పు ఏదైనా చేస్తే ముందే ఒక మెసేజ్ పడేయండి. ఇవి ఇచ్చాక కూడా ఎవరైనా డాంగిల్ తగిలిస్తే అప్పుడు క్రమశిక్షణ చర్య తీసుకోండి, నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను. ఉన్నత విద్యామండలి వాళ్లు ఇది చదివితే, రెండు రాష్ట్రాల్లోనూ, ఒక్కో యూనివర్సిటీ విడివిడిగా తంటాలు పడకుండా అందరికీ కలిపి ఒక చిన్న బృందాన్ని పెట్టడం గురించి ఆలోచించమని మనవి.

ఇది రాస్తున్నది శనివారం రాత్రి. గురువారం యూనివర్సిటీకి వెళ్లినప్పుడు ఒక జాబ్ పెట్టి వచ్చాను, ఆదివారానికి అయిపోవాలి. మొదటి గంటలోనే ఏదో తప్పొచ్చి ఆగిపోయిందో, ఇప్పటికీ నడుస్తోందో నాకు తెలియదు. జూనియర్ అమ్మాయిని చూసి చెప్పమందామంటే తను ఊరెళ్లింది. సోమవారం పొద్దున ఆరింటి బస్సుకి వెళ్లి చూస్తాను.

ఇట్లు,
ఒక పార్ట్‌టైం రీసెర్చ్ స్కాలర్,
పల్నాడు జిల్లా